పైడమ్మ వాసెన గుడ్డ

తనిఖీ డైరీ. తెప్పనగరం ఆహార భద్రతా విభాగం.
తెప్పలన్నీ కలిపి తాళ్ళు కట్టిన ముప్పై ఒకటో ఏడు.
రాసేది: బోయిన హైమావతి, ఇన్‌స్పెక్టర్.

4,011. సోమవారం

ఈ డైరీలో నాలుగు గడులున్నాయి. స్థలం, సమయం, లోపాలు, తీసుకున్న చర్య. పదకొండేళ్ళుగా రోజూ నింపుతున్నాను. గడుల్లో పట్టని సంగతులు ఇలా వెనకపేజీలో రాసుకోవడం నా అలవాటు. వెనకపేజీ ఎవరూ చదవరు. ముందుపేజీ కూడా ఎవరూ చదవరని నా అనుమానం గాని, నిరూపించలేను.

ఉదయం ఆరున్నరకు పన్నెండో తెప్ప మీద పైడమ్మ పిన్ని ఆవిరి కుడుముల బడ్డీ దగ్గర ముక్కును సర్దాను. ముక్కంటే నాది కాదు, సర్కారు వారిది. టిఫిన్ క్యారియరంత ఉంటుంది, భుజానికి తగిలించుకుని తిరుగుతాను. కాగితాల మీద దాని పేరు గంధమాపక యంత్రం. ఆ పేరుతో పిలిస్తే అదే పలకదు. రోజూ పొద్దున్నే దానికి ఒక మంచి వాసన చూపించి ఆకుపచ్చ మీట నొక్కాలి, "ఇదిగో, శుభ్రమంటే ఇదీ" అని పిల్లకు చూపించినట్టు. ఆ రోజంతా అది ఏ వంటింటికి వెళ్ళినా కూర వాసనా చారు వాసనా పక్కకు నెట్టి, మిగిలినదాన్ని పొద్దుటి వాసనతో పోల్చి నూటికి మార్కులు వేస్తుంది. ఎలా పోలుస్తుందో నన్నడగొద్దు. అరవైకి తగ్గితే ఎర్రచీటీ. ఏడు రోజుల్లో మూడు ఎర్రచీటీలు పడితే ఆ వంటింటి ఆవిరి గొట్టం దానంతటదే మూసుకుంటుంది, మళ్ళీ నెల దాటితే గాని తెరుచుకోదు. సముద్రం మీద తేలే ఊళ్ళో నిప్పు రాజేస్తే జైలు. కాబట్టి ఆవిరి లేకపోతే వంట లేదు.

మంచి వాసన కోసం ఒడ్డు నుంచి ఏటా గుళికలు వస్తాయి. బీరువాలో ఉన్నాయి. తుఫాను ఏట పడవ రాక గుళికలు అయిపోతే, నా ముందు ఇన్‌స్పెక్టరు గోవిందుగారు ముక్కులో 'ప్రమాణ స్థలం: పన్నెండో తెప్ప' అని కొట్టి, పైడమ్మ కుండ మీద సర్దారు. ఊరంతా చక్కగా నడిచింది. నాకు ఛార్జి ఇస్తూ తాళాలు, సీలు, లక్క అప్పగించి, "పొద్దున్నే పైడమ్మ కుడుం దగ్గర పెట్టమ్మా, గుళికలు దండగ" అన్నారు. నేనూ ఒకసారి ఒక గుళిక మూత తీసి చూశాను. కొత్త ప్లాస్టిక్ బకెట్టు వాసన. మూత పెట్టేశాను.

పైడమ్మ పిన్ని పద్ధతి పాతది. కుండలో నీళ్ళు పోసి, మూతికి గుడ్డ బిగించి కట్టి, ఆ గుడ్డ మీద మినప్పిండి పరుస్తుంది. దాన్నే వాసెన కట్టడం అంటారు. గొట్టం తిప్పితే నీళ్ళు మరిగి, ఆవిరి గుడ్డలోంచి పైకి వచ్చి కుడుము పొంగుతుంది. గుడ్డ పొందూరు నేత. రోజూ మరగబెట్టి ఎండలో ఆరేస్తుంది. ఊళ్ళో గుడ్డ మీద వండేది ఆమె ఒక్కతే. ఇవాళ వచ్చిన సర్క్యులర్ ప్రకారం వంటలో గుడ్డ నిషిద్ధం, సిలికాన్ జల్లెడ వాడాలి.

"పైడమ్మగారూ," అన్నాను.

ఆమె గరిటె ఆపింది. "గారు అన్నావంటే కాయితం తెచ్చినావన్నమాట. ఇటియ్యి."

ఇచ్చాను. చదివి వినిపించాను.

"పదకొండేళ్ళు ఈ గుడ్డ మీద కుడుమే తిన్నావు కదమ్మా. ఎప్పుడైనా కడుపు నొచ్చినాదేటి?"

"లేదు పిన్నీ. రూలు."

"అయితే రూలుకి నొచ్చినాదేమో," అని నా కుడుము మీద ఇంకో గరిటెడు అల్లం పచ్చడి వేసింది. కోపమొస్తే ఆమె పచ్చడి ఎక్కువ వేస్తుంది.

4,013. బుధవారం

జల్లెడ వచ్చింది. తెల్లగా, గుండ్రంగా, పెళ్ళికూతురి ముఖంలా తళతళలాడుతోంది. స్వయంగా నేనే కుండకు బిగించాను. పాత గుడ్డను రూలు ప్రకారం నమూనాగా స్వాధీనం చేసుకున్నాను.

నమూనా అంటే నాలుగు భాగాలు చేయాలి. ఒకటి ఒడ్డున లేబొరేటరీకి, ఒకటి ఆరోగ్యాధికారికి, ఒకటి నా ఆఫీసుకు, ఒకటి యజమానికి. పాలైతే నాలుగు సీసాలు, పచ్చడైతే నాలుగు సీసాలు. గుడ్డనేం చేయాలో రూల్సులో లేదు. కత్తెర తీసి నాలుగు ముక్కలు చేశాను.

పైడమ్మ పిన్ని చేతులు కట్టుకుని చూస్తూ నిలబడింది. ఏమైనా అంటుందేమోనని నేను తలెత్తలేదు.

"సరిగ్గా కొయ్యమ్మా," అంది చివరికి, "వంకర పోతున్నాది."

లక్క వేసి, సీలు కొట్టి, ఆమె ముక్క ఆమెకిచ్చి సంతకం పెట్టించుకున్నాను. ఒడ్డు ముక్క రేపటి పడవకు వెళ్తుంది. పని పద్ధతిగా జరిగిందని తృప్తిగా ఉంది.

4,014. గురువారం

ఉదయం యథాప్రకారం ముక్కు సర్దాను, కుడుము తిన్నాను. కుడుము ఏదో తేడాగా ఉంది. చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు రుచుల గురించి అభిప్రాయం చెప్పకూడదు, మంచిదైనా చెడ్డదైనా. అది సర్వీసు రూలు.

తర్వాత పద్నాలుగు వంటిళ్ళు తనిఖీ చేశాను. పద్నాలుగింటికీ ఎర్రచీటీలు.

మొదటిది తొమ్మిదో తెప్ప మీద సన్యాసి మెస్సు. యజమాని కోరాడ సన్యాసిరావు. పేరు సన్యాసి గాని, అమ్మేది నేతి పెసరట్టు. ఎప్పుడూ తొంభైకి తగ్గడు. ఇవాళ వంటింటి మధ్యలో దించగానే ముక్కు ఊపిరి పీల్చి, "వాసన ప్రమాణమునకు భిన్నము. ముప్పది నాలుగు. తిరస్కరించడమైనది" అంది.

"ముప్పై నాలుగా!" సన్యాసిరావు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "మేడమ్‌గారూ, దానికి జలుబు చేసిందేమో చూడండి."

"యంత్రాలకు జలుబు చేయదండీ."

"మరి నా వంటింటికి చేసిందంటారా? నిన్న సాయంత్రం కూడా నేల నేనే కడిగాను. కావాలంటే అట్టు ఈ నేల మీద వేసుకు తింటాను."

ఆ మాట రాసుకున్నాను. నేల మీద ఆహారం తినే ఉద్దేశం, లోపాల గడిలో.

పద్నాలుగో చోటు ఆసుపత్రి వంటిల్లు. రోగుల గంజి కాచే చోటు, అద్దంలా ఉంటుంది. ఇరవై తొమ్మిది. వంటమనిషి ఏడ్చింది. నాకూ ఏదోలా అయింది గాని, యంత్రం ముందు మనమెంత అనుకుని చీటీ చింపి ఇచ్చాను.

4,015. శుక్రవారం

మిగిలిన వైపు తిరిగాను. పదిహేను చోట్ల పదిహేను ఎర్రచీటీలు.

ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి నిజం రాస్తాను. మధ్యాహ్నం వరకూ నాకు లోపల సంతోషంగానే ఉంది. పదకొండేళ్ళుగా ఊరు నా కళ్ళుగప్పుతోందనీ, ఇన్నాళ్ళకు దొరికిందనీ అనుకున్నాను. ముప్పై ఒకటో తెప్ప బడి వంటింట్లో కూడా యాభై దాటకపోయేసరికి సంతోషం కాస్త తగ్గింది. ఊరంతా ఒకేసారి మురికైపోవడం ఎలా సాధ్యం? అంత సహకారం ఈ ఊళ్ళో ఇంకే పనికీ లేదు.

4,016. శనివారం

ఎర్రచీటీ పడిన చోటికి రోజు విడిచి రోజు వెళ్ళాలి. వెళ్ళకపోతే వెళ్ళనందుకు అదొక ఎర్రచీటీ కింద లెక్క. రూలు రాసినవాళ్ళకు ఇన్‌స్పెక్టర్ల మీద ఎంత నమ్మకమో దీన్నిబట్టే తెలుస్తుంది.

గురువారం నాటి పద్నాలుగు చోట్లకూ వెళ్ళాను. రెండోది పడింది. మూడోది సోమవారం. సోమవారం పొద్దుగూకేసరికి పద్నాలుగు గొట్టాలు మూసుకుంటాయి, అందులో ఆసుపత్రిది ఒకటి. ఆసుపత్రిలో నూట అరవై మంది ఉన్నారు. సగం మంది గంజి తప్ప ఏదీ తాగలేనివాళ్ళు.

సన్యాసిరావు ఈసారి ముఖం తుడుచుకోలేదు. "ఒక్క మాట అడుగుతాను మేడమ్‌గారూ. ఊళ్ళో ఇప్పుడు నూటికి నూరు వస్తున్నది ఎవరికి?"

చెప్పక తప్పలేదు. చీటీలు గోడ మీద అంటిస్తాం, అందరూ చూస్తారు. "పైడమ్మకి."

"మీరు రోజూ పొద్దున్నే ఎక్కడ తింటారు?"

"డబ్బులిచ్చి, టోకెన్ కొట్టించుకునే తింటానండీ!"

"అది నేననలేదు. మీరే అన్నారు," అని లోపలికి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి అర్జీ ఆరోగ్యాధికారి త్రినాథగారికి చేరింది. ఇరవై ఎనిమిది సంతకాలు. పైడమ్మ కుడుములు పెట్టి ఇన్‌స్పెక్టరును కొనేసిందనీ, ఆమె లైసెన్సు రద్దు చేయాలనీ. సోమవారం పదింటికి విచారణ. నన్ను ఏంచేయాలో అర్జీలో లేదు. నేను సర్కారు మనిషిని కదా, నన్ను కొన్నా అమ్మినా నేరం పైడమ్మదే.

ఆమెకు నోటీసు అందించవలసింది నేనే. ఈసారి 'గారు' అనలేక ఊరికే చేతిలో పెట్టాను.

చదివించుకుని, పిండి గిన్నె మీద మూత పెట్టి కూర్చుంది. "లైసెన్సు తీసేస్తారేటి?"

"తీసేయరు పిన్నీ. నేనున్నాను కదా."

"నువ్వున్నావనే కదమ్మా ఇదొచ్చినాది," అంది. ఇవాళ పచ్చడి వేయలేదు.

4,017. ఆదివారం

పొద్దున్న శుక్రవారం నాటి పదిహేను చోట్లకూ రెండో ఎర్రచీటీ ఇచ్చి, మధ్యాహ్నం మూడో తెప్ప మీద గోవిందుగారింటికి వెళ్ళాను. రిటైరై మిద్దె మీద ఉప్పుచేపలు ఎండబెట్టుకుంటున్నారు. చెప్పిందంతా విన్నారు. ఒక చేపను అటు తిప్పి, ఇంకో చేపను ఇటు తిప్పి అడిగారు.

"ముక్కు ఎక్కడ సర్దుతున్నావమ్మాయ్?"

"మీరు చెప్పిన చోటే. పైడమ్మ కుండ మీద."

"పైడమ్మ ఏటైనా మార్చినాదా?"

"ఏం మార్చలేదండీ. పిండి అదే, కుండ అదే, నీళ్ళవే." అంటూనే నా నోరు ఆగిపోయింది. "గుడ్డ. గుడ్డ మారింది."

"ఎవులు మార్పించినారు?"

నేను చేపల వైపు చూశాను.

గోవిందుగారు నవ్వడం మొదలుపెట్టారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. నీళ్ళిచ్చాక మళ్ళీ నవ్వారు. "అందరికీ శకునం సెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు ఉన్నాదమ్మా నీ పని. ఉతికి ఎండేసిన గుడ్డ వాసన ప్రతి వంటింట్లోనూ ఉంటాది. ఇప్పుడు శుభ్రమంటే జల్లెడ వాసన అని ముక్కుకి నువ్వే నేర్పినావు. ఊళ్ళో ఎవులింట్లో ఉన్నాది ఆ జల్లెడ?"

ఎవరింట్లోనూ లేదు. పైడమ్మకు నూరు రావడంలోనూ వింత లేదు. ఆమె వంటింటిని ఆమె వంటింటితోనే పోలిస్తే నూరు కాక ఎంతొస్తుంది? ఇన్నేళ్ళూ ఆమెకు నూరే వచ్చింది. మిగతావాళ్ళకు తొంభైలు వస్తున్నంత కాలం అది ఎవరికీ కనబడలేదు.

"రేపు పొద్దున్నే గుప్‌చుప్‌గా బీరువాలోంచి ఒక గుళిక తీసి సర్దేయ్," అన్నారు గోవిందుగారు. "గుళికతో పెడితే స్థలం నంబరు కూడా పోతాది. ఊరు బాగుపడతాది. ఎవులికీ తెలీదు."

మంచి సలహానే. తిరిగి వస్తూ, తెప్పల మధ్య తాళ్ళ వంతెన మీద సగం దూరంలో ఆగిపోయాను. రేపు నేను నోరు మూసుకుని ముక్కును బాగుచేస్తే అందరికీ మళ్ళీ తొంభైలు వస్తాయి. అప్పుడు గోడ మీద మిగిలేది ఒకటే: నాలుగు రోజులు ఊరంతా తప్పింది, పైడమ్మ ఒక్కతే నూటికి నూరు తెచ్చుకుంది. అర్జీకి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. నేను బతుకుతాను, పైడమ్మ బడ్డీ పోతుంది. చెప్పేస్తే ఆమె బతుకుతుంది, నా పదకొండేళ్ళ పరువు పోతుంది. వంతెన మీద చాలాసేపు నిలబడ్డాను. దొంగకు తేలు కుట్టినట్టు ఉండడం అంటే ఏమిటో యాభై రెండేళ్ళకు తెలిసింది.

నాకు భయంగా ఉంది. ఇది ఏ గడిలో రాయాలో తెలియదు.

4,018. సోమవారం

గుళికల పెట్టె సీలు విప్పకుండా చంకన పెట్టుకుని విచారణకు వెళ్ళాను. ఆరోగ్యాధికారి త్రినాథగారు బల్ల వెనక, అర్జీదారులు ఎడమవైపు, పైడమ్మ పిన్ని కుడివైపు ఒక్కతే. ఉతికిన చీర కట్టుకుని, తన వాటా గుడ్డముక్కను సీలుతో సహా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

త్రినాథగారు గొంతు సవరించుకున్నారు. "హైమావతిగారూ, సదరు పైడమ్మ మీకు ఏమైనా ప్రలోభం..."

"నేనొక సంగతి చెప్పాలండీ," అన్నాను. చెప్పేశాను. గుళికలు, కుండ, గుడ్డ, కత్తెర, అన్నీ. గోవిందుగారి పేరు మాత్రం చెప్పలేదు. ఆయన చేపలు ఎండబెట్టుకునే వయసులో ఉన్నారు.

ముందుగా తేరుకున్నది సన్యాసిరావు. "అంటే పదకొండేళ్ళుగా నా మెస్సును పైడమ్మ కుడుంతో పోల్చారా?"

"అవునండీ."

"అందులో నాకు తొంభై ఒకటా?" అన్నాడు. కోపమో గర్వమో అతనికే తేలలేదు.

త్రినాథగారు ఫైలు తెరిచారు. ఏటా ఆయనే సంతకం పెట్టిన కాగితాలు అందులో పదకొండు ఉన్నాయి, 'గుళికలు సక్రమముగా వాడబడుచున్నవి' అని. వాటిని చూసి, ఫైలు మెల్లగా మూసి, "ఈ విషయంలో ఆవేశపడకుండా ముందుకు వెళ్దాం" అన్నారు. "గుళిక తెరవండి. యంత్రాన్ని సరిచేయండి."

తెరిచాను. ముక్కు ముందు పెట్టి మీట నొక్కాను.

"గుళికకు కాలము చెల్లినది," అంది ముక్కు.

పెట్టెలో ఉన్నవన్నీ తీశాం. అన్నిటికీ కాలం చెల్లింది. ఈ ఏటివి ఇంకా రాలేదు, పడవ నలభై రోజులకు గాని రాదు. ఒకసారి కొట్టిన స్థలం నంబరు గుళిక లేనిదే మారదు. అంటే ఈ ఊళ్ళో శుభ్రానికి కొలత పైడమ్మ కుండ ఒక్కటే. లైసెన్సు రద్దు చేసి ఆ కుండ దింపేస్తే ఆ ఒక్క కొలతా ఉండదు, అందరికీ ఎర్రచీటీలే. అప్పటికి పదకొండున్నర. ఆరింటికి పద్నాలుగు గొట్టాలు మూసుకుంటాయి.

ఇరవై ఎనిమిది మంది అర్జీదారులూ ఒక్కసారిగా కుడివైపు చూశారు. పైడమ్మ పిన్ని చీర కొంగు సర్దుకుంది.

"ఇప్పుడు నాకేసి సూత్తారేటి, బాబూ?"

"పైడమ్మగారూ," అన్నారు త్రినాథగారు.

"ఇదిగో, ఈయన కూడా గారు అన్నారు," అంది నాతో. "పాత గుడ్డ కావాల. అంతేనా?"

"కొత్త గుడ్డ కడితే?" అన్నాడెవరో.

"కొత్త గుడ్డకి గంజి వాసన పోవాలంటేనే నెల పడతాది. ఇదిగో నా ముక్క." ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది. త్రినాథగారు తన బీరువాలోంచి తన వాటా తెప్పించి, మూడు చోట్ల సంతకాలు పెట్టి సీలు విప్పారు. నా ఆఫీసు ముక్క నేను తెచ్చాను. నాలుగోది గురువారం పడవలో ఒడ్డుకు పోయింది. మూడు ముక్కలూ పరిస్తే కుండ మూతికి పావు వంతు చాలదు.

"కొరవ ముక్క ఆ బాబు కండువాలోంచి తియ్యండి," అంది పైడమ్మ, సన్యాసిరావును చూపించి. "అర్జీ రాసింది ఆ బాబే కదా. కండువా కూడా పాతదే. రోజూ ఉతుకుతాడు, నాను సూత్తాను."

సన్యాసిరావు కండువా పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఆసుపత్రి వంటమనిషి అతని ఎదురుగానే నిలబడి ఉంది. తీసి ఇచ్చాడు.

కుట్టే పని నాకు పడింది. పైడమ్మ పక్కనే కూర్చుంది. అంచులు కలవడం లేదు, ఎందుకంటే ఆ రోజు నేను వంకరగా కోశాను.

"వంకరగా కోసినావు కదా," అంది, "వంకరగానే కుట్టు. అప్పుడే కలుస్తాది."

కుట్టాను. మూడుసార్లు మరగబెట్టాం. కార్యాలయం డాబా మీద ఎండలో ఆరేస్తే, ఇరవై ఎనిమిది మందీ అది ఎగిరిపోకుండా చుట్టూ కాపలా నిలబడ్డారు. ఈ ఊళ్ళో అంత సహకారం చూడటం నాకిది మొదటిసారి.

మూడున్నరకు పన్నెండో తెప్ప మీద కుండకు వాసెన కట్టి, పిండి పరిచి, కుడుము పొంగాక ముక్కును దగ్గర పెట్టాను. మీట నొక్కాను.

"ప్రమాణము స్వీకరించడమైనది," అంది ముక్కు.

ఆసుపత్రికి పరుగెత్తాను. ఎనభై ఎనిమిది. వంటమనిషి మళ్ళీ ఏడ్చింది. తర్వాత ఒక్కొక్కటీ. ఎనభై, ఎనభై నాలుగు, డెబ్బై తొమ్మిది. చివరి చోటు సన్యాసి మెస్సు, ఆరుకు పది నిమిషాలు తక్కువ. తొంభై ఏడు. పద్నాలుగింటిలోనూ అదే ఎక్కువ.

"చూశారా?" అన్నాడు సన్యాసిరావు వట్టి భుజాన్ని తడుముకుంటూ. "శుభ్రమంటే అదీ."

ఇప్పుడు ఈ ఊరి శుభ్రంలో పావు వంతు అతని కండువా అని నేను గుర్తుచేయలేదు. ఒక్కరోజైనా సంతోషంగా ఉండనీ.

4,020. బుధవారం

నాకు మెమో వచ్చింది. సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో మందలింపు. ఇంకో రెండు పడితే నా గొట్టం కూడా మూసుకుంటుందన్నమాట. త్రినాథగారు మెమో ఇస్తూ నా ముఖం చూడలేదు. నేనూ ఆయన ఫైలు గురించి ఎత్తలేదు.

ఇంకో ఉత్తర్వు కూడా వచ్చింది. కొత్త గుళికలు వచ్చేవరకూ పన్నెండో తెప్ప వాసెన గుడ్డే తెప్పనగరపు అధికారిక ప్రమాణం. గుడ్డకొక నంబరిచ్చారు. ఎవరూ దాన్ని కత్తిరించరాదు, స్వాధీనం చేసుకోరాదు, నోటీసు ఇవ్వరాదు. 'ముఖ్యముగా ఇన్‌స్పెక్టరు' అని ప్రత్యేకంగా రాశారు. అర్జీ కొట్టేశారు. నేను ఇచ్చిన నోటీసును నా చేతే రద్దు చేయించారు.

రద్దు కాగితం చదివి వినిపిస్తుంటే పైడమ్మ పిన్ని పిండి రుబ్బుతూనే ఉంది. అంతా అయ్యాక అంది.

"ఒక మాట అడుగుతాను. మొన్న అక్కడ నువ్వే సెప్పినావు. పదకొండేళ్ళు ఈ ఊరంతటినీ నా కుడుంతో కొలిసినావు. అంటే నా కుడుం అంత బాగుంటాదని ఆ డబ్బాకి తెల్సు. గోవిందుగారికి తెల్సు. రోజూ తిన్నావు, ఒక్కనాడైనా నీ నోటితో బాగున్నాదని అన్నావేటి?"

"అనకూడదు పిన్నీ. సర్వీసు రూలు."

"రాయకూడదా?"

"రాయడానికి గడి లేదు."

ఆమె చెయ్యి కడుక్కుంది. కుడుము పెట్టింది. పచ్చడి మామూలుగానే వేసింది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. సిగ్గేసింది. లైసెన్సు పోతుందన్న రోజున కూడా ఆమె నన్ను ఇంత సూటిగా అడగలేదు.

4,021. గురువారం

ఉదయం ముక్కు సర్దాక, పైడమ్మ పిన్ని బల్ల మీదే డైరీ తెరిచాను. వెనకపేజీ కాదు, ముందుపేజీ. స్కేలు పెట్టి నాలుగు గడుల పక్కన ఐదో గీత గీశాను. కాగితం అంచుకు వచ్చేసింది, గడి సన్నగా ఉంది. పైన 'బాగున్నవి' అని రాశాను. రేపు త్రినాథగారు చూస్తే రెండో మెమో ఖాయం. చూడరనుకోండి.

"ఏటి రాస్తున్నావు?" అంది, కళ్ళద్దాలు లేక.

చదివి వినిపించాను. "స్థలం, పన్నెండో తెప్ప. సమయం, ఆరు నలభై. బాగున్నవి: పైడమ్మ ఆవిరి కుడుము. చాలా బాగుంది. పదకొండేళ్ళుగా బాగుంది. చెప్పనందుకు ఇన్‌స్పెక్టరుకు సిగ్గుగా ఉంది."

ఆమె కాసేపు ఆవిరి వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆవిరి దగ్గర అందరూ తుడుచుకుంటారు. తర్వాత నా పళ్ళెంలోంచి ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకుని, నమిలి, తల అడ్డంగా ఊపింది.

"ఇవాల ఉప్పు తగ్గినాది. రోజూ తింటావు, ఆమాత్రం తెలీదేటి? అది రాసినావా?"

రాశాను. లోపాల గడిలో: ఉప్పు కాస్త తక్కువ, యజమానే చెప్పింది.

తీసుకున్న చర్య: ఇంకొకటి వేయించుకుని తిన్నాను.